నిరుడు ఎందుకు కాలలేదు

మాఘమాసం వెళ్ళిపోతుండగా మా వీధి వెనక కల్లాల్లో పసుపు ఉడకబెట్టడం మొదలవుతుంది. తడిమట్టీ చేదువేరూ కలిసినట్టుండే ఆ ఆవిరి పొద్దున్నే కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఆర్మూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు అది పంట ఇంటికొచ్చిన వాసన. నాకు మాత్రం దాని వెనకాలే ఇంకొక వాసన వస్తుంది. పసుపు నిండిన గోనె సంచులు కాలే వాసన. ఒక్కసారి పీల్చినవాళ్ళు దాన్ని మరిచిపోలేరు. నిన్న కూడా ఆవిరి రాగానే లేచి కిటికీ మూయబోయాను. ఈ వయసులో మూసుకుని ఏం చేస్తానని ఆగిపోయి, రాయడానికి కూర్చున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను ఇక్కడి సర్కారు దవాఖానాలో కాంపౌండర్‌ని. ఒక మధ్యాహ్నం పసుపు బేరాలు జరిగే గంజ్ నుంచి తల పగిలిన హమాలీని మంచం మీద మోసుకొచ్చారు. డాక్టరమ్మ లోపలి గదిలో కాన్పు చేస్తున్నది. నేను నాడి పట్టుకుని చూశాను, చేతికి అందలేదు. నెత్తుటికి దూది అదిమి కట్టు కట్టి వరండాలోకి వచ్చేసరికి అక్కడ కాలు పెట్టే సందు లేదు. ముందు నిలబడ్డ మనిషి రెండు చేతులు జోడించి, ఎట్లున్నది డాక్టర్ సాబ్ అని అడిగాడు. నన్ను డాక్టర్ సాబ్ అన్నాడు. ఆ పిలుపుకు తగ్గట్టు ఏదో ఒకటి గట్టిగా చెప్పాలనిపించింది. "ఇగ అయిపోయినట్టే. తీస్కపోయే ఏర్పాటు చూసుకోండ్రి" అన్నాను. ఆ హమాలీ చనిపోలేదు. సాయంత్రానికి కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. అప్పటికి గంజ్‌లో ఒక వరుస దుకాణాలు కాలిపోయాయి.

ఆ మాటను మోసుకుంటూ నేను ఇన్నేళ్ళు తలెత్తుకుని బతకగలిగానంటే కారణం మా డాక్టరమ్మ. పేరు సుభద్ర. ఊళ్ళో ఎవరూ పేరుతో పిలిచింది లేదు. హైదరాబాద్‌లో చదువుకుని, నలభై ఏళ్ళ వయసులో మా దవాఖానాకు వచ్చింది. పొట్టి మనిషి, బిగించి కట్టిన నేత చీర, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. ఉర్దూ తెలుగూ కలిపి గలగలా మాట్లాడేది. మందు ఇవ్వడం కంటే ప్రశ్నలు అడగడం ఎక్కువని ఆమె మీద ఊళ్ళో ఫిర్యాదు. ఒకసారి సిరికొండ నుంచి కాలు వాచిన ముసలాయన వచ్చాడు. ఆమె ఆయన కాలు చూడకముందే ఏ పొలంలో పని చేస్తాడు, ఎక్కడ పడుకుంటాడు, ఇంట్లో నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు అని వరుసగా అడిగింది. ఆయనకు చిరాకు పుట్టింది. "నొప్పి కాలికైతే నా ఇంటి ముచ్చటెందుకమ్మా?" అన్నాడు. "నీ కాలు నీ ఇంట్లనే ఉంటది గద తాతా, ఇంటిని ఇడిచి వచ్చిందా?" అని ఆమె నవ్వింది. వాపు తగ్గడానికి మందు ఇచ్చింది. ఆదివారం ఆ ఊరికి పోయి వాళ్ళు నీళ్ళు తోడుకునే చెలిమెను చూసి వచ్చింది. ఇదంతా ఆమెకు పని లేక చేసే చాదస్తం అనుకునేవాణ్ణి. చదువుకున్న మనిషికి ఇన్ని ప్రశ్నలేమిటి, చూడగానే తెలియాలి కదా అనుకునేవాణ్ణి. చూడగానే తెలిసినట్టు మాట్లాడటంలోనే గొప్పతనం ఉందని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆ రోజు వరండాలో నోరు తెరిచాను.

ఆ రోజు జరిగిన సంగతి ఇది. దెబ్బ తగిలిన హమాలీ పేరు గంగారాం. అతని భార్య రాజవ్వ గంజ్‌లో ఊడ్చే ఆడవాళ్ళలో ఒకతె. పసుపు కుప్పలు పోసి ఎత్తేటప్పుడు నేల మీద రాలిన ముక్కలూ పొడీ ఊడ్చుకుని పోవడం హమాలీల ఇంటి ఆడవాళ్ళ హక్కుగా ఎప్పటినుంచో సాగుతున్నది. ఎవరూ కాగితం మీద రాసి ఇచ్చింది కాదు, కాని ఎవరూ కాదన్నదీ లేదు. ఆ ఏడు సావుకార్లు వద్దన్నారు. రాలినా మా సరుకే అన్నారు. ఒక దుకాణం గుమాస్తా రాజవ్వ చేతిలోని చీపురు లాక్కుని విరిచాడు. గంగారాం అడ్డం వచ్చాడు. తోపులాటలో అతని తల తూకం వేసే కాంటా ఇనుప దూలానికి కొట్టుకుంది. నేను అన్న మాట విని దవాఖానా నుంచి గంజ్‌కు పరుగెత్తినవాడు రాజవ్వ తమ్ముడు నర్సయ్య. "మా బావను చంపిండ్రు" అని అతను అరిచిన తర్వాత, ముందుగా ఎవరు ఎవరిని కొట్టారో, గోనె సంచులకు నిప్పు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియలేదు. హమాలీలతో రైతులు కలిశారు. సంతకు వచ్చినవాళ్ళూ కలిశారు. దుకాణాల తలుపులు విరిగాయి. కాంటా వేసే గౌస్ మియా, కాలుతున్న సంచుల పక్కనే ఒక రైతు ఎడ్లు కట్టేసి ఉండటం చూసి తాళ్ళు విప్పబోయాడు. ఎడ్లు బతికాయి. ఆయన రెండు చేతులూ కాలిపోయాయి.

సాయంత్రానికి దవాఖానా నిండిపోయింది. పగిలిన తలలు, విరిగిన చేతులు, లాఠీ దెబ్బలు. సావుకారు కొడుకు, అతన్ని కొట్టిన హమాలీ పక్కపక్కనే కూర్చున్నారు. డాక్టరమ్మ అందరికీ కుట్లు వేస్తూ, కట్లు కడుతూ, ఎవరు కొట్టారని ఒక్కరినీ అడగలేదు. పొద్దటి నుంచి ఏం తిన్నవు? ఊరి నుంచి ఎప్పుడొచ్చినవు? ఎడ్లకు నీళ్ళెక్కడ తాపినవు? అడిగిందల్లా ఇవే. వేల్పూర్ రైతు ఒకడు ఏడుస్తూ, బండి తోలుకొచ్చి వారం కావస్తున్నదనీ ఇంకా తన కుప్పకు బేరం కాలేదనీ చెప్పాడు. ఈ అడగడాలన్నీ ఎక్కడ తిరిగి నా దగ్గర ఆగుతాయోనని నాకు భయం.

మరునాడు ఊరంతా కారణాలే. తాగి చేశారని కొందరు. బయటి ఊళ్ళ నుంచి రౌడీలు వచ్చారని కొందరు. గౌస్ మియా చేతులు కాలాయి కాబట్టి ఇది మతాల గొడవ అని ఒక పెద్దమనిషి హోటల్లో కూర్చుని తేల్చేశాడు. ఆ మాట డాక్టరమ్మ చెవిన పడింది. గౌస్ మియా మంచం దగ్గరే నిలబడి, అందరూ వినేటట్టు, "మియా, ఆ ఎడ్లు ఎవరివి?" అని అడిగింది. ఆయన నొప్పిలోనే నవ్వాడు. "నడ్పి రాజన్నయి అమ్మా. అడిగి ఇప్పలేదు, తప్పైందా?" అన్నాడు. ఆ తర్వాత మతం మాట మా దవాఖానాలో వినపడలేదు.

పోలీసులకు మాత్రం ఒక మనిషి కావాలి. నర్సయ్యను పట్టుకున్నారు. బతికున్నవాడు చచ్చిపోయాడని అబద్ధం పుట్టించి జనాన్ని రెచ్చగొట్టాడని నేరం. దవాఖానాలోనే చెప్పారని అతను మొత్తుకున్నాడట. పోలీసు జమేదారు వచ్చి నన్ను అడిగాడు. నేనేమీ అనలేదన్నాను. అది నా రెండో తప్పు. మొదటిది గర్వంతో చేశాను, రెండోది భయంతో. ఇప్పుడు తూచి చూసుకుంటే రెండోదే బరువు. నర్సయ్యను నిజామాబాద్ జైలుకు పంపుతారని, ఏళ్ళ తరబడి శిక్ష పడుతుందని చెప్పుకున్నారు. రాజవ్వ మొగుడి మంచం పక్కన కూర్చుని నన్ను చూసేది. ఆ వరండాలో నా మాట విన్నవాళ్ళలో ఆమె కూడా ఉంది.

ఆ ఆదివారం డాక్టరమ్మ నన్ను వెంట రమ్మన్నది. మందుల పెట్టె తీసుకున్నాను. "పెట్టె వద్దు. కండ్లు తీస్కరా చాలు" అన్నది. ఇద్దరం గంజ్‌కు నడిచాం. మసిబారిన గోడల మధ్య అప్పటికే బేరాలు మళ్ళీ మొదలయ్యాయి. ఒక కుప్ప దగ్గర రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు, కొనే సేటు చేతులు కలుపుకుని పైన రుమాలు కప్పుకున్నారు. ఆ రోజుల్లో ధర నోటితో చెప్పుకునేవాళ్ళు కాదు. రుమాలు కింద వేళ్ళు నొక్కి చెప్పుకునేవాళ్ళు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆమె నా చెవి దగ్గర, ఈ ఇద్దరి ముఖాలు కాదు, మూడో మనిషి ముఖం చూడమన్నది. మూడో మనిషి ఆ పసుపు పండించిన రైతు. రుమాలు వంక చూస్తూ నిలబడ్డాడు, కాన్పు గది బయట నిలబడ్డ మగవాడిలాగా. ఏడాది పాటు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి తెచ్చిన సరుకు ఎంత పలుకుతున్నదో అక్కడ తెలియనిది అతనొక్కడికే.

అక్కడి నుంచి బావి దగ్గరకు పోయాం. గంజ్ బావికి ఇనుప కంచె వేసి తాళం పెట్టారు. బండ్లవాళ్ళు చుట్టూ బురద చేస్తున్నారని ఆ ఏడు సంక్రాంతి దాటగానే సావుకార్లు చేసిన ఏర్పాటట. బండ్లవాళ్ళు గుట్ట కిందికి పోయి నీళ్ళు తెచ్చుకోవాలి. అదే ఏడు, ధర పడిపోతున్నదని బేరాలు ఆపి ఆపి చేస్తున్నారు. రైతు ఎంత విసిగితే అంత తక్కువకు ఇచ్చిపోతాడు. బేరం కాకపోతే బస్తా లేవదు, బస్తా లేవకపోతే హమాలీకి ఆ పూట కూలి లేదు. కూలి లేని రోజుల్లో ఇంటికి కాస్త ఉప్పూ నూనే తెచ్చేది ఆడవాళ్ళ చీపురు. చివరికి దాన్ని విరిచారు. ఇవన్నీ నేను రోజూ దాటిపోయే వీధిలోనే ఉన్నాయి. ఒక్కొక్కటి విడిగా తెలుసు కూడా. ఒకదాని చెయ్యి ఇంకొకటి పట్టుకుని ఉందని మాత్రం అంతవరకు చూడలేదు.

తిరిగి వస్తూ ఆమె అన్నది: "జ్వరం వచ్చిన రోజు ముచ్చట ఒక్కటే అడిగితే రోగం దొరకదు విఠల్. అంతకు ముందటి రోజులు గూడ అడగాలె." దవాఖానా మెట్ల దగ్గర ఆగిపోయి, వరండాలో ఆ మాట అన్నది నేనేనని, జమేదారుకు అబద్ధం చెప్పానని చెప్పాను. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను చూసింది.

"నాకు ఎరుకే. కాన్పు చేస్తున్నగని చెవుడు రాలేదు నాకు. కాన్పు గదికి, వరండాకు నడుమ ఉన్నది ఒక్క తలుపు."

మరి ఎందుకు అడగలేదమ్మా అన్నాను.

"నువ్వు చెప్తవేమో అని చూస్తున్న. ఇంకో రెండు రోజులు చూసి నేనే చెప్పేదాన్ని. అప్పుడు నువ్వు నాకు పనికి రాకపోదువు."

ఓదార్చలేదు, తిట్టలేదు. విచారణకు పెద్ద అధికారి వస్తున్నాడు, నీ మాట నువ్వు చెప్పుకో, మిగిలింది నేను చెప్తానన్నది. ఏం మిగిలిందో అప్పుడు నాకు తెలియలేదు. నౌకరీ పోతే అమ్మానాన్నలకు ఏం చెప్పాలా అని విచారణ దాకా నాలుగు రోజులూ అదే ఆలోచన.

విచారణ డాక్ బంగ్లాలో జరిగింది. ఒక పక్క సావుకార్లు, ఒక పక్క హమాలీలు, మధ్యలో చేతులు కట్టుకుని నర్సయ్య. నా వంతు రాగానే లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నాడి సరిగా చూడలేదని, తెలియకుండానే తెలిసినట్టు చెప్పానని, తర్వాత జమేదారు ముందు బొంకానని చెప్పాను. నర్సయ్య తలెత్తి నన్ను చూశాడు. అధికారి ముఖంలో మాత్రం పని తొందరగా తెమిలిన సంతోషం కనిపించింది. కారణం దొరికిందన్నాడు. ఒక కాంపౌండర్ అజాగ్రత్త, దానివల్ల వదంతి, దానివల్ల అల్లరి. సావుకార్లు తలలూపారు. నేనూ తలూపాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. తప్పంతా నాదే అయితే లెక్క సులభం.

డాక్టరమ్మ లేచి నిలబడింది. చెప్పాల్సింది ఇంకా ఉందన్నది. అధికారి కూర్చోమని సైగ చేసినా కూర్చోలేదు.

"సార్, నిరుడు ఇదే గంజ్‌ల ఎత్తుగ పేర్చిన బస్తాల మెట్టు కూలి సాయన్న అనే హమాలీ దాని కింద పడ్డడు. మా దవాఖానకే తెచ్చిండ్రు. ఆయన నిజంగనే చనిపోయిండు. అదే వరండాల, ఇదే కాంపౌండర్ బయటికొచ్చి ఆ మాట చెప్పిండు. జనం గూడ గంతే మంది. ఏడ్చిండ్రు, మోస్కపోయిండ్రు. ఒక్క సంచి కాలలేదు. నిరుడు నిజమైన చావుకు కాలని గంజ్, ఈ యేడు అబద్ధపు చావుకు ఎందుకు కాలింది? నిరుటికీ ఈ యేటికీ నడుమ ఏం మారింది? అది అడుగుండ్రి సార్."

ఆమె ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. నిరుడు బావికి తాళం లేదు. నిరుడు చీపుర్లు ఆపలేదు. నిరుడు బండి వచ్చిన మరునాడు బేరం అయ్యేది. సాయన్న చావుకు సావుకార్లు దుకాణాలు మూసి పాడె వెంట నడిచారు. దెబ్బలతో వచ్చిన వాళ్ళలో పొద్దటి నుంచి కడుపునిండా తిన్నవాళ్ళు ఎంత తక్కువమందో కట్లు కడుతూ తానే అడిగి తెలుసుకున్నానన్నది. అధికారికి కోపం వచ్చింది. కాల్చినవాళ్ళను వెనకేసుకొస్తున్నారా అని అడిగాడు.

"లేదు సార్. గౌస్ మియా చేతులకు రోజూ కట్టు కట్టేది నేను. కాల్చినోళ్ళది తప్పు. ఈ కాంపౌండర్ పిలగానిది తప్పు. కాని ఇంత వరకే రాసుకుని పోతే, వచ్చే యేడు నేను మళ్ళ కట్లు కట్టాలె. నాకు అది ఇష్టం లేదు."

నేను చాలామంది పెద్దవాళ్ళ మాటలు విన్నాను. అంత మెల్లగా, అంత గట్టిగా మాట్లాడిన మనిషిని మళ్ళీ చూడలేదు. ఆమె దగ్గర పని చేశానని చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నా ఛాతీ కాస్త పొంగుతుంది. నా తప్పును ఆమె నా నుంచి తీసేయలేదు, అంతా నా నెత్తి మీదనే పెట్టనూలేదు. ఎంత నాదో అంతే నాకు ఇచ్చింది. తప్పంతా నాదే అనుకోవడంలో కూడా ఒక గర్వం ఉందని, నా ఒక్క మాటకు ఊరు కాలిందనుకోవడం కూడా డాక్టర్ సాబ్ అనిపించుకోవడం లాంటిదేనని ఆమె తర్వాత ఒకసారి నవ్వుతూ దెప్పింది.

నర్సయ్యను ఇంటికి పంపారు. బావి తాళం తీశారు. చీపుర్లు మళ్ళీ గంజ్‌లోకి వచ్చాయి. రుమాలు మాత్రం చాలా ఏళ్ళు అట్లాగే ఉంది. నన్ను కొన్నాళ్ళు పని నుంచి తప్పించి, గట్టిగా హెచ్చరించి మళ్ళీ తీసుకున్నారు. డాక్టరమ్మను వానకాలం రాకముందే దూరపు జిల్లాకు బదిలీ చేశారు. ఎవరు చేయించారో అందరికీ తెలుసు. బస్సు దగ్గరకు నేను, గంగారాం, ఇంకా చాలామంది హమాలీలు పోయాం. సామాను పైకెక్కించడానికి వాళ్ళలో వాళ్ళు పోటీ పడుతుంటే, నా పెట్టెలు పగలగొట్టి ఇంకో గలాటా చేయకుండ్రని ఆమె కసిరింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం, వరండాలోకి పోయే ముందు లోపలి రోగిని ఇంకొకసారి చూసి పొమ్మని చెప్పి బస్సెక్కింది.

ఆమె వెళ్ళిన మరునాడు హమాలీల వాడకు పోయాను. డాక్ బంగ్లాలో చెప్పింది అధికారి ముందు, కుర్చీల ముందు. వాళ్ళ ముందు చెప్పలేదు. రాజవ్వ గడప ముందు నిలబడి, వాడ వినేటట్టు నేను చేసిన రెండు తప్పులూ చెప్పాను. నర్సయ్య బయటికి రాలేదు. రాజవ్వ అంతా విన్నది. తర్వాత, "నా తమ్మున్ని పట్కపోయిన దినం చెప్పకపోతివి గదా అయ్యా. గా దినం చెప్పేదుండె" అన్నది. అంతే. లోపలికి పోయింది.

అక్కడి నుంచి గౌస్ మియా ఇంటికి పోయాను. ఆయన చేతుల పుండ్లు మానాయి గాని చర్మం బిగుసుకుని వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. కాంటా పట్టలేడు. అన్నం భార్య తినిపించాలి. లుంగీ ముడి కూడా ఆమే వేయాలి. నా సంగతి చెప్పాను. ఆయన అప్పటికే విన్నాడు. "కాంటా దగ్గర దినాం నిలబడ్డోన్ని నేను. సేటు తూకంల ఎక్కువ తరుగు తీసి చెప్పమంటె చెప్పిన. లోపల లోపల ఏం రగులుతున్నదో నాకు తెల్వదా? నీ ఒక్కనిది కాదు బేటా" అన్నాడు. రెండు చేతులూ నా ముందుకు చాపాడు. "గని నీకు దవాఖాన పని వస్తది గద. జర చూడు వీటిని."

మరునాటి నుంచి డ్యూటీకి పోయే ముందు రోజూ ఆయన ఇంటికి పోయాను. గోరువెచ్చని నూనె రాసి, ఒక్కొక్క వేలును పట్టుకుని, ఆయన పళ్ళు కరచుకుని అల్లా అంటుంటే, మెల్లమెల్లగా తెరిచేవాణ్ణి. నొప్పి మరిచిపోవడానికి ఆయన గంజ్ సంగతులు చెప్పేవాడు. నేను అడిగేవాణ్ణి, అంతకు ముందు ఏమైంది మియా, అంతకు ముందు? వానలు వచ్చి పోయాయి, మళ్ళీ పసుపు తవ్వే కాలం వచ్చింది. ఒక పొద్దున నేను పోయేసరికి ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. లుంగీ ముడి వంకరగా ఉంది. తానే వేసుకున్నానని చూపించాడు. ఇక రానవసరం లేదన్నాడు. మరునాడు కూడా పోయాను.